అరవై నాలుగు పాటలు, రెండు ఫ్లాపీలు

హోసూరులో మా మామ దుకాణం బోర్డు మీద నాలుగు భాషలు ఉండేవి. పైన తమిళం, దాని కింద తెలుగు, పక్కన కన్నడం, అన్నిటికంటే అడుగున చిన్నగా ఇంగ్లీషు. నాలుగింటిలోనూ విషయం ఒకటే: ఇక్కడ డీటీపీ, పెళ్ళి పత్రికలు, విజిటింగ్ కార్డులు చేయబడును. నేను పుట్టేనాటికే దుకాణం మూసేశాడు. బోర్డు మాత్రం అవ్వ ఇంటి ముందు గదిలో గోడకు ఆనించి చాలా ఏండ్లు ఉండింది. నేను మొదట చదివిన తెలుగు అక్షరాలు ఒకటో తరగతి వాచకంలోవి కావు, ఆ బోర్డు మీదివి.

ఆ గదిలోనే కంప్యూటర్ ఉండేది. అత్త పాత చీర చింపి కుట్టిన ముసుగు దాని మీద కప్పి ఉండేది. ముసుగు తీస్తే పసుపు తిరిగిన తెల్లరంగు డబ్బా, దాని మీద పెట్టె లాంటి టీవీ. 1995లో తాత చీటీ ఎత్తి ఆ డబ్బుతో కొనిచ్చాడట. 486 అని మామ గర్వంగా చెప్పేవాడు. అది దాని లోపలి చిప్ పేరు. ఎనిమిది ఎంబీ మెమరీ. ఎనిమిది జీబీ కాదు, ఎంబీయే. ముందు వైపు టర్బో అని ఒక బటన్ ఉండేది. అది నొక్కితే ఏమవుతుందో నాకు తెలిసేది కాదు. కానీ దాని పక్కన చిన్న పచ్చ దీపం వెలిగేది, నాకు అదే చాలు.

నాకు నాలుగైదేండ్లు ఉన్నప్పుడు ఆదివారం పూట మామ దాన్ని నా కోసం ఆన్ చేసేవాడు. నల్లటి తెర మీద తెల్ల అంకెలు టిక్ టిక్ టిక్ అని పెరుగుతూ పోయేవి. తన మెమరీని అది తానే లెక్క పెట్టుకుంటుందని మామ చెప్పాడు. రోజూ లెక్క పెట్టుకోవడం ఎందుకు, నిన్నటిది గుర్తుండదా అని అడిగాను. "ఆపేస్తే దానికి ఏమీ గుర్తుండదు పాపా. అందుకే కదా ఇవి" అని ఫ్లాపీల డబ్బా చూపించాడు. ఒక వానాకాలం అయ్యాక ఆ కంప్యూటర్ మళ్ళీ లేవలేదు. లోపలి హార్డ్ డిస్కు కూడా తిరగడం మానేసింది.

ఫ్లాపీ చూడని చిన్న తరగతుల పిల్లల కోసం చెప్తున్నాను. అరచేతిలో పట్టేంత చదరపు ప్లాస్టిక్ బిళ్ళ. ఒక అంచున జరిపే రేకు ఉంటుంది. అది జరిపి వదిలితే స్ప్రింగు వల్ల టక్కున మూసుకుంటుంది. నలుపు, నీలం, ఎరుపు, పసుపు, అన్ని రంగులూ మా డబ్బాలో ఉండేవి. నాకు అవి ఆట సామాను. వాటిని నిలబెట్టి గోడలు కట్టి, పైన ఇంకో నాలుగు పరిచి ఇల్లు చేసేదాన్ని. మామ ఏమీ అనేవాడు కాదు. రెండు మాత్రం నా చేతికి ఇచ్చేవాడు కాదు. రెండూ నీలంవే. వాటి మీద మామ చేతిరాతతో "నాన్న పాటలు 1", "నాన్న పాటలు 2" అని రాసి ఉండేది.

ఆ పాటల సంగతికి వచ్చే ముందు మామకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

1984లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కంప్యూటర్ నేర్పడానికి క్లాస్ అనే పథకం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఆ పథకం కింద బడులకు వచ్చాయి. అవి మా మామ చదివిన బడి దాకా రాలేదు. కానీ బెంగళూరులో మా చిన్నతాత ఇల్లు ఉంది. హోసూరు నుంచి నలభై కిలోమీటర్లు. అత్తిబెలె వచ్చిందంటే కర్ణాటక. 1986లో, మామకు పద్నాలుగేండ్లప్పుడు, వాళ్ళ ఇంటికి పోతే అక్కడ ఒక కంప్యూటర్ కనబడింది. చిన్నతాత కొడుకు విదేశం నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 1982లో బ్రిటన్‌లో సింక్లెయిర్ కంపెనీ అమ్మకానికి పెట్టిన ఇంటి కంప్యూటర్. పుస్తకమంత సైజు, రబ్బరు మీటలు. తెర అంటూ వేరే ఉండదు, ఇంట్లో టీవీకే తగిలించుకోవాలి.

దాని మెమరీ నలభై ఎనిమిది కేబీ. ఇది చదివి నవ్వకండి. మా అమ్మ ఫోనులో తీసిన ఒక ఫోటో మూడు ఎంబీ ఉంది, లెక్క వేసి చూశాను. ఆ ఒక్క ఫోటోను పెట్టుకోవాలంటే అలాంటి కంప్యూటర్లు అరవై నాలుగు కావాలి. కానీ అంత చిన్న మెమరీలోనే ఆటలు ఆడారు, లెక్కలు చేశారు, ప్రోగ్రాములు రాశారు.

ఆ ప్రోగ్రాములు ఎక్కడ దాచేవాళ్ళు అంటే, పాటల క్యాసెట్టులో! మామూలు టేప్ రికార్డరును వైరుతో కంప్యూటర్‌కు తగిలిస్తారు. క్యాసెట్టు తిప్పితే కీచుమని అరుపు వస్తుంది. ఆ అరుపే ప్రోగ్రాము. ముందు సాగదీసిన కూతలాగా ఉంటుంది, అప్పుడు టీవీ అంచుల్లో ఎరుపు, లేత నీలం చారలు కదులుతాయి. తర్వాత గరగరమని మారుతుంది, చారలు నీలం, పసుపు అవుతాయి. అంటే అసలు సరుకు లోపలికి పోతోందని అర్థం. ఒక ఆట ఎక్కడానికి దాదాపు అయిదు నిమిషాలు. మధ్యలో శబ్దం కొంచెం ఎక్కువ తక్కువైతే అంతా పోయి మళ్ళీ మొదటి నుంచి. మామ ఇప్పటికీ ఆ అరుపును నోటితో చేసి చూపిస్తాడు. అత్త చెవులు మూసుకుంటుంది. చిన్నతాత ఇంట్లో ఒకసారి పొరపాటున ఆ క్యాసెట్టును పాటల క్యాసెట్టు అనుకొని టేప్ రికార్డరులో పెట్టారట. పూజ గదిలో ఉన్న పెద్దావిడ దయ్యం వచ్చిందని గంట కొట్టడం మొదలుపెట్టిందని మామ చెప్తాడు. గంట సంగతి మాత్రం మామ కల్పించాడేమోనని నా అనుమానం.

క్యాసెట్టు తర్వాత మామ చూసినవి పెద్ద ఫ్లాపీలు, అయిదుంబావు అంగుళాలవి. అవి నిజంగానే మెత్తగా ఉండి వంగేవి, ఫ్లాపీ అన్న పేరు అందుకే వచ్చింది. మా డబ్బాలోవి మూడున్నర అంగుళాలవి, గట్టివి. రేకు జరిపి చూస్తే లోపల పలుచటి నల్ల బిళ్ళ కనబడుతుంది. ప్లాస్టిక్ పొర మీద అయస్కాంతపు పూత పూసి ఉంటారు. దాని మీద గుండ్రంగా ఎనభై దారులు, ఒక్కో దారిలో పద్దెనిమిది గళ్ళు, ఒక్కో గడిలో 512 బైట్లు, ఇవన్నీ రెండు వైపులా. గుణించి చూడండి, 14,74,560 బైట్లు వస్తుంది. దాన్నే 1.44 ఎంబీ అని అమ్మేవాళ్ళు. ఇందాక చెప్పిన అమ్మ ఫోటో ఒక్కటి కూడా అందులో పట్టదు. కానీ అచ్చంగా అక్షరాలే అయితే ఒక లావు పుస్తకం పడుతుంది.

మామ రోజులో పది పత్రికలు చేసిన మాఘమాసాలు ఉన్నాయట. బాగలూరు, మత్తిగిరి, సూళగిరి, డెంకణికోట, అన్ని వైపుల నుంచీ వచ్చేవాళ్ళు. పెండ్లికొడుకు వాళ్ళకు తెలుగు, పెండ్లికూతురు వాళ్ళకు కన్నడం, పనిచేసే చోట పంచడానికి తమిళం. తెలుగులో కంపోజ్ చేసి, బటర్ పేపర్ మీద ప్రింట్ తీసి, ఫ్లాపీ కూడా జేబులో వేసుకొని ప్రెస్సుకు పోయేవాడు.

ఇక తాత సంగతి. తాత ఎలిమెంటరీ బడి తెలుగు అయ్యవారు. సెలవు దొరికితే సైకిలెక్కి పల్లెలకు పోయేవాడు. ఆడవాళ్ళు పాడే పాటలు అడిగి రాసుకునేవాడు. నలుగు పాటలు, దంపుడు పాటలు, ఎదురుకోలు పాటలు, వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలు, అప్పగింతల పాటలు. మొత్తం అరవై నాలుగు. ఒక్కో పాట కింద ఊరు, నెల, సంవత్సరం, ఎవరు పాడారో రాసేవాడు. పెద్ద చదువులు చదివినవాళ్ళు చేయాల్సిన పని ఇది. వాళ్ళెవరూ మా వైపు రాలేదు, తాతే చేశాడు.

1998లో మామ ఆ పాటలన్నీ కంప్యూటర్లో టైపు చేశాడు. రాత్రి దుకాణం మూసినాక తాత పక్కన కుర్చీలో కూర్చొని చదువుతుంటే మామ కొట్టేవాడు. ఒకసారి ప్రింట్ కూడా తీశారు. ఎవరో పుస్తకం వేస్తామని ఆ ప్రింట్ తీసుకుపోయారు. పుస్తకమూ రాలేదు, ప్రింటూ రాలేదు. నోటుబుక్కు ఉంది కదా అని తాత ఊరుకున్నాడు. తాత పోయిన ఏడాది ఆయన ట్రంకుపెట్టె తెరిచి చూస్తే నోటుబుక్కుకు అట్ట మాత్రం మిగిలి ఉండింది. అట్ట ఎత్తితే లోపల చెదలు పెట్టిన మట్టి.

అంటే మిగిలింది ఆ రెండు నీలం ఫ్లాపీలే. అవి ఉన్నాయి కదా అని ఎవరూ తెరిచి చూడలేదు. చూడటానికి ఇంట్లో ఫ్లాపీ పెట్టే కంప్యూటర్ కూడా లేదు.

పోయిన ఏడాది మా అక్కకు సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్ళది కోలారు వైపు. ఒకరోజు రాత్రి అన్నాలు తింటూ అక్క, "నా పెండ్లిలో అవ్వ పాటలు పాడాల" అంది. అవ్వ చెయ్యి కడుక్కుంటూ, "యాడ పాడేది? మొదలు గుర్తుంటే చివర గుర్తుండదు. మీ తాత రాసిపెట్టినాడు కదా, అది తెండి, చదివితే పాడతా" అంది. అవ్వకు ఎనభై దగ్గర పడుతోంది. పొద్దున మాత్ర వేసుకున్నానా లేదా అని మధ్యాహ్నం నన్నే అడుగుతుంది. మామ ఏమీ మాట్లాడలేదు. మరుసటి ఆదివారం నన్ను వెంటబెట్టుకొని బెంగళూరు బస్సెక్కాడు.

మార్కెట్ దగ్గర దిగి ఎస్పీ రోడ్డుకు నడిచిపోయాం. కంప్యూటర్ సామాన్లకు బెంగళూరులో ఆ వీధి పేరు. ఫ్లాపీ డ్రైవ్ ఉందా అంటే మొదటి మూడు అంగళ్ళలో మా ముఖాలు చూశారు. నాలుగో అంగడిలో పెద్దాయన మాత్రం మామ వయసువాడు. ఆయన నవ్వి, కన్నడంలో ఇంకా ఎవరి పెండ్లి పత్రిక మిగిలిందని అడిగాడు. ఆయన కూడా ఒకప్పుడు డీటీపీ చేసినవాడే. ఇద్దరూ పావుగంట పాత ప్రింటర్ల గురించి మాట్లాడుకున్నారు. నేను బల్ల మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాను. తర్వాత ఆయన కింది అరలో వెతికి యూఎస్‌బీ వైరుతో ఉన్న పలుచటి డ్రైవ్ ఒకటి తీసి తుడిచి ఇచ్చాడు.

నేను ఇంటికి వచ్చాక చదివి తెలుసుకున్నాను, సోనీ కంపెనీ జపానులో ఫ్లాపీలు అమ్మడం 2011లో ఆపేసింది. కానీ జపాను ప్రభుత్వ ఆఫీసుల నియమాల్లో మాత్రం ఫ్లాపీలో ఇవ్వాలి అన్న మాట ఇంకా ఉండిపోయింది. 2024లో గానీ దాన్ని తీసేయడం పూర్తికాలేదు. బుల్లెట్ రైలు నడిపే దేశంలోనే అట్ల ఉంటే, మా మామ డబ్బా దాచుకోవడంలో తప్పేమీ లేదని నేను అత్తతో వాదించాను.

అక్క ప్లస్ టూ చదివేటప్పుడు సర్కారు ఇచ్చిన ఉచిత ల్యాప్‌టాప్ ఉంది. దానికి డ్రైవ్ తగిలించి మొదటి ఫ్లాపీ పెట్టాం. గుర్రుమని తిరిగింది. టక్, టక్ అంది. కొంచెం ఆగింది. మళ్ళీ టక్ అంది. మామ ఊపిరి బిగపట్టాడు. తెర మీద పేర్లు వచ్చాయి, ఒకటి నుంచి నలభై దాకా పాటలు, చివర ఒక పట్టిక.

అక్క గబగబా మొదటిది తెరిచింది. అందులో తెలుగు లేదు. డాలర్ గుర్తులు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో పౌను గుర్తు, విరామ చిహ్నాలు. పేజీల కొద్దీ అదే. అక్క, "పాడైపోయింది మామా" అంది. నాకు గొంతులో అడ్డం పడినట్టయింది. మామ మాత్రం కళ్ళజోడు సర్దుకొని దగ్గరికి వంగి చూసి, "పాడు కాలేదు. సరిగ్గా ఉండాది. దీనికి బట్ట కట్టాల, అంతే" అన్నాడు.

విషయం ఏమిటంటే, ఆ రోజుల్లో తెలుగు అక్షరాలకు అందరూ ఒప్పుకొని వాడే సంఖ్యలు మామూలు కంప్యూటర్లలో లేవు. ఇప్పుడు యూనికోడ్ అనే పద్ధతిలో 'క' అంటే 3093. నా ఫోనులోనైనా, అమెరికాలో మా పిన్ని కొడుకు కంప్యూటర్లోనైనా అదే 3093. యూనికోడ్‌లో తెలుగుకు చోటు 1991లోనే ఇచ్చారు. కానీ విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఫాంటు వచ్చింది 2001లో. అంతకు ముందు పత్రికలు చేసేవాళ్ళకు వేరే దారి లేదు. ఒక్కో ఫాంటు చేసినవాళ్ళు ఒక్కో ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉన్న 256 గళ్ళలోనే తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ముక్కలు అని ఎందుకు అంటున్నానంటే, 'కి' అనే అక్షరం అక్కడ ఉండకపోవచ్చు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, ఒత్తు ఇంకో గడిలో. మామ అవన్నీ వేళ్ళతో అతికించేవాడు. ఆ ఫాంటు ఉంటే తెర మీద తెలుగు కనబడుతుంది. లేకపోతే ఆ గళ్ళలో అసలు ఉండే ఇంగ్లీషు గుర్తులే కనబడతాయి. ఒక ఫాంటులో 'మ' ఉన్న గడిలో ఇంకో ఫాంటులో 'స' ఉండేది. పక్క దుకాణంవాళ్ళ ఫైలు మామ చదవలేడు, మామ ఫైలు వాళ్ళు చదవలేరు.

అంటే మాకు ఇప్పుడు పాటలు కాదు, ఫాంటు కావాలి. అది హార్డ్ డిస్కులో ఉండింది, హార్డ్ డిస్కు చచ్చిపోయింది. మామ డబ్బా నేల మీద బోర్లించాడు. ముప్పై ఆరు ఫ్లాపీలు. నా చిన్నప్పటి ఇల్లంతా మళ్ళీ చాప మీద పడింది. ఎవరెవరివో పెండ్లిండ్లు, పేర్ల మీద సంవత్సరాలు. ఆ పెండ్లిండ్లలో పుట్టినవాళ్ళలో ఇద్దరు మా బడిలోనే నాకంటే పై తరగతుల్లో చదివి వెళ్ళారు. అన్నిటి కింద ఒక నల్లది దొరికింది. "ఫాంట్లు, ప్రెస్సుకు" అని రాసి ఉంది. ప్రెస్సువాళ్ళ దగ్గర ఈ ఫాంటు లేకపోతే పత్రిక అంతా డాలర్ గుర్తులతో అచ్చవుతుందని మామ జేబులో పెట్టుకొని పోయేవాడే, అదే. అది ఒక్క టక్ కూడా లేకుండా చదివింది.

ఫాంటు ఎక్కించి పాటను మూసి మళ్ళీ తెరిచాం. ఈసారి తెలుగు. పైన ఒకటో పాట అని, కింద "పాడినవారు", "ఊరు", "బాగలూరు దగ్గర, రాగి కోతలప్పుడు, 1979". మామ చాలాసేపు ఆ చివరి వాక్యమే చూస్తూ కూర్చున్నాడు. అది తాత మాట్లాడినట్టే ఉందని అమ్మ అంది.

రెండో ఫ్లాపీ అంత సులభంగా లొంగలేదు. మామ దాన్ని డ్రైవులో పెట్టక ముందే రేకు జరిపి, వెనక ఉన్న లోహపు చక్రాన్ని వేలితో తిప్పి వెలుతురులో చూశాడు. నల్ల బిళ్ళ మీద తెల్ల మచ్చలు, ముగ్గు పొడి రాలినట్టు. బూజు. అట్లనే పెడితే బూజు డ్రైవు తలకు అంటుకుంటుంది, అప్పుడు ఇదీ పోతుంది, డ్రైవూ పోతుంది. మామ ఒక పాత ఆట ఫ్లాపీ ప్లాస్టిక్ డొక్కను చాకుతో విప్పి ఖాళీ చేశాడు. నీలం దాన్ని కూడా విప్పి లోపలి బిళ్ళను బయటికి తీశాడు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, కళ్ళజోడు తుడిచే గుడ్డతో రుద్దకుండా అద్ది, నీడన ఆరబెట్టి, ఆ ఖాళీ డొక్కలో కూర్చోబెట్టాడు. ఇంత మాత్రం నేను దగ్గరుండి చూశాను. ఎక్కడా వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకున్న ఆ చేతులు నాకు ఇంకా కనబడుతున్నాయి.

మామూలుగా కాపీ చేస్తే మొదటి చెడ్డ గడి దగ్గరే కంప్యూటర్ చేతులెత్తేస్తుంది. లినక్స్‌లో డీడీరెస్క్యూ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాము ఒకటి ఉంది. అది చెడ్డ గళ్ళను వదిలి ముందు మంచివన్నీ తీసుకుంటుంది, తర్వాత వెనక్కి వచ్చి చెడ్డవాటిని మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. రాత్రంతా అడిగింది. ముందు గదిలో నుంచి ఆ టక్ టక్ వింటూ నేను పడుకున్నాను. తెల్లవారేసరికి, రెండో ఫ్లాపీలో ఉన్న ఇరవై నాలుగు పాటల్లో పదకొండు పూర్తిగా వచ్చాయి. ఆరు సగం వచ్చాయి. ఏడు రాలేదు.

మొత్తం మీద యాభై ఒకటి నిండుగా, ఆరు సగంగా. మే సెలవుల్లో వాటిని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసే పని నాది. మామ పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే సాధనం మాకు దొరకలేదు, అందుకని ఒక్కో అక్షరం చూసి కొట్టాల్సిందే. ఇరవై మూడు రోజులు పట్టింది. విసుగు పుట్టలేదని చెప్పను, రెండో వారం బాగా పుట్టింది. కానీ మన పాఠాల్లో రాని మాటలు ఎన్ని ఉన్నాయో! పెండ్లివాళ్ళు అనపకాయల కూర ఎంత తిన్నారో, పెండ్లికొడుకు మేనత్త ఎన్ని సంగటి ముద్దలు మింగిందో లెక్క కట్టే పాట ఒకటుంది. మూడు చరణాలు తెలుగులో పాడి నాలుగోది కన్నడంలో పాడే పాట ఒకటుంది. దాని కింద తాత, "ఈ ఊరి వారికి రెండును ఒకటియే" అని రాశాడు.

టైపు చేసినవి సాయంత్రం అవ్వకు చదివి వినిపించేదాన్ని. మొదటి పాదం చదవగానే అవ్వ అందుకునేది. రెండో పాదానికి నా కాగితం అవసరమే ఉండేది కాదు. పన్నెండో పాట దగ్గర మాత్రం ఆపింది. "మల్లెల పందిరి కాదే, మొల్లల పందిరి." కాగితంలో మల్లెలని ఉంది, అసలు ఫైలు చూపించాను, అందులోనూ మల్లెలే. అవ్వ నవ్వింది. "మీ తాత చదువుకున్నాడు కదా. మొల్ల అంటే మేము తప్పు పలకతా ఉండామనుకొని దిద్దినాడు. మొల్ల వేరే పువ్వు. మా ఊర్లో ఇంటింటికీ ఉండేది." ఆ పాటలో నేను తాత మాట తాతకే ఉంచి, కింద అవ్వ మాట రాశాను.

పెండ్లిలో పాటలు పాడారా అని మా తరగతిలో అందరూ అడిగారు. మండపంలో పెట్టిన స్పీకర్ల మోత ముందు మొదట ఎవరికీ వినబడలేదు. అత్త పోయి ఆపించింది. అవ్వ, అత్త, ఇంకో నలుగురు పెద్దావిడలు కూర్చొని అనపకాయల పాట ఎత్తుకున్నారు. నేను వెనక కాగితాలు పట్టుకొని నిలబడ్డాను. పాట అయ్యీ కాకముందే కోలారు వాళ్ళలో ఒక పెద్దావిడ కొంగు దోపుకొని ముందుకు వచ్చి, మా వైపు వాళ్ళను ఎగతాళి చేస్తూ తిరుగు పాట పాడింది. అది తాత పట్టికలో లేదు. నేను ఫోనులో పూర్తిగా రికార్డు చేశాను. మా పుస్తకంలో అది ఇప్పుడు అరవై అయిదో పాట.

పుస్తకం అంటే అచ్చు పుస్తకం కాదు, స్పైరల్ బైండింగ్. మూడు ప్రతులు తీశాం. ఒకటి అవ్వ దగ్గర, ఒకటి మామ దగ్గర, ఒకటి మన బడి లైబ్రరీలో ఇచ్చాను. అక్క ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, మామ పెన్ డ్రైవులో ఒకటి, అమ్మ ఫోనులో ఒకటి ఉంది. పోయినసారి లాగా అన్నీ ఒకే గదిలో పెట్టనని మామ పట్టుబట్టి పెన్ డ్రైవును ఆఫీసులో ఉంచాడు. లైబ్రరీ ప్రతి తీసుకున్నవాళ్ళు దయచేసి పెన్నుతో గీతలు పెట్టకండి, ఇప్పటికే ఎవరో మేనత్తకు మీసాలు గీశారు.

రాని ఏడు పాటల పేర్లు పట్టికలో ఉన్నాయి కాబట్టి మాకు తెలుసు. బేరికెలో రాసుకున్న ఎదురుకోలు పాట, సూళగిరి దగ్గర రెండు దంపుడు పాటలు, డెంకణికోట వైపు నలుగు పాట ఒకటి, తళిలో ఒక మంగళహారతి, మత్తిగిరిలో వియ్యపురాలి పాట. ఏడోది పట్టికలో నలభై ఏడో నంబరు, అప్పగింతల పాట. దానికి ఊరు పేరు లేదు. పాడినవారు అన్నచోట తాత, "నా భార్య" అని మాత్రం రాశాడు. అవ్వను అడిగితే మొన్న చింతపండులో గింజలు తీస్తూ నాలుగు పాదాలు పాడింది. అయిదోది రాలేదు. రేపు అడగమంది. రోజూ అడుగుతున్నాను.

మీ ఇండ్లలో, ముఖ్యంగా బేరికె, సూళగిరి, తళి నుంచి వచ్చే పిల్లల ఇండ్లలో, అవ్వలకు ఈ పాటలు ఏవైనా వస్తే నాకు చెప్పండి. పదో తరగతి, కిటికీ పక్క రెండో బెంచీ. రాసి తెచ్చినా చాలు, కానీ వీలైతే పాడించి ఫోనులో రికార్డు చేసి తెండి. రాగాలు మా ఫ్లాపీల్లో ఒక్కదానిలో కూడా లేవు.